మూడా, ఎనిమిదా

చచ్చిన బండికి మళ్ళీ పేరు పెట్టించడానికి
అయనావరం ఆర్టీవో ఆఫీసుకి మూడోసారి వచ్చా.
కాగితాల సంచి చంకలో.
బండి బయట వేపచెట్టు కింద,
నంబరు పలక ఉండాల్సిన చోట రెండు బోల్టు బెజ్జాలతో.

ఇన్‌స్పెక్టరమ్మ కయల్‌విళి, నా చిన్న కూతురి ఈడు.
పాత రిజిస్టరు తెప్పించి
తలెత్తకుండా అరవంలో చెప్పింది:
"పెద్దాయనా, ఈ బండి లేదు."
లేదంటే,
తొంభై ఆరులో విప్పేశారు, తుక్కు కింద తూచేశారు,
రిజిస్ట్రేషను కొట్టేశారు.
సాక్షి సంతకం: పి. పెంచలయ్య, పుదుపేట.
"ఎవరో తెలుసా ఈ పెంచలయ్య?"
తెలుసమ్మా.
రోజూ గడ్డం గీసుకునేటప్పుడు కనిపిస్తాడు.

కీళ్పాక్ నర్సమ్మ హెప్సిబా గారి హెరాల్డు అది.
మద్రాసులోనే పుట్టిన కారు,
నానబెట్టిన పెసల రంగు.
రాత్రిపూట కాన్పులకి అదే పరుగెత్తేది.
తాళాలు నా అరచేతిలో పెట్టి
"కోసేటప్పుడు నాకు చెప్పొద్దు పెంచలయ్యా" అని
ఆటో ఎక్కి పోయిందామె.
కాగితం రాయించారు. సంతకం పెట్టా.
నంబరు చెరిపెయ్యడం అప్పట్లో మా బజారు మర్యాద.
ఉలి ఆనించి ఒక దెబ్బ కొట్టా.
రెండో దెబ్బకి చెయ్యి లేవలా.
జాలి అనుకునేరు,
ఆ వారమే పదకొండు బళ్ళు కోశాను,
ఒక్కదానికీ వేలు వణకలా.

ఇంజనూ తలుపులూ అమ్ముకున్నా, అది నిజమే.
ఎముకల గూడుని మాత్రం రేకుల కింద తోసి
పైన లారీ టైర్లు పేర్చా.
ఇరవై ఏడేళ్ళు కూవం వాసన పీలుస్తూ పడుకుంది.
"ఏందబ్బా ఆడ దాచావు?" అనేవాడు పక్క కొట్టు జహంగీరు.
"ముసలితనానికి" అనేవాణ్ణి.

ఇప్పుడు నిలబెట్టా.
ఇంజను ఈరోడు దగ్గర బావిలో నీళ్ళు తోడుతుంటే
బతిమాలి విప్పుకొచ్చా.
ఎడమ తలుపు వేలూరుది, కుడిది ఎవరిదో.
బానెట్టు నా మేనల్లుడు సుత్తితో పుట్టించాడు.
సీట్ల బట్ట సైదాపేట సోఫాల వాడిది.
ఆ అమ్మాయి వెటకారానికి కాదు, నిజంగానే అడిగింది:
"ఇందులో పాతది ఏది? దేనికివ్వాలి నంబరు?"

అఫిడవిట్టు ఉంది.
దొంగబండి కాదని పోలీసుల చీటీ ఉంది.
హెప్సిబా గారి మరణపత్రం, ఆమె అక్క మనవడి సమ్మతి.
ఒకటే లేదు సంచిలో:
ఆనాడు నేను అబద్ధం రాశానని చెప్పే కాగితం.
దానికి ఫారం లేదంట.
వకీలు వద్దనే అన్నాడు,
"కేసవుద్ది. షెడ్లో పెట్టుకుని చూసుకో."
బండి చూసుకునే వస్తువా?

ఆమె బయటికొచ్చింది, తెల్లకాగితం, పెన్సిలు పట్టుకుని.
ఖాకీ మోకాళ్ళు మట్టికి ఆనించి వంగింది.
ఇనుము మీద కాగితం పరిచి రుద్దితే నంబరు తేలాలి.
ఒకసారి రుద్దింది. మళ్ళీ రుద్దింది.
తుప్పు తప్ప ఏమీ రాలా.
లేచి, పెన్సిలు నాకిచ్చింది:
"మీరు రుద్దండి."

కళ్ళు మూసుకున్నా నాకా చోటు తెలుసు.
నల్లటి రాతలో తెల్లగా ఒక్కోటే పొడుచుకొచ్చాయి,
చంటిపిల్లాడి చిగుళ్ళలో పళ్ళలాగా.
ఐదు. సున్నా. ఏడు. రెండు.
చివరిది సగమే.
కాగితం ఎండకి పెట్టి చూసింది.
"మూడా, ఎనిమిదా?"

వేపపండొకటి రాలి బానెట్టు మీద టక్కుమంది.
వకీలు మాట గొంతుకి అడ్డం పడింది.
"ఎనిమిదమ్మా.
ఎడమ పక్క నేనే కొట్టా."

చాలాసేపు నా వంకే చూసి
జేబులోంచి పెన్ను తీసింది.
ఏం రాస్తోందో కనపడలా, అద్దాలు ఇంట్లో మరిచా.
రాస్తూనే అంది, "బండి స్టార్టు చెయ్యండి."

మొదటి తిప్పుకి లేవలా.
రెండోదానికి దగ్గింది.